చలికి గ్యాస్ ఎందుకు మొరాయిస్తోంది? సిలిండర్‌పై వేడినీళ్లు పోసే ముందు ఇవి చూడండి

తెల్లవారుజామున ఐదు గంటలు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ పిల్లలు ఇంకా లేవలేదు. సందు మొదట్లో టిఫిన్ బండి దగ్గర మాత్రం హడావుడి మొదలైంది. ఇడ్లీ పాత్ర కింద మంట సగానికి పడిపోయింది. సిలిండర్ కింది భాగం చెమట పట్టినట్టు తడిగా ఉంది, కాసేపటికి తెల్లగా మంచు పేరుకుంటోంది. ఊపి చూస్తే లోపల ద్రవం కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గ్యాస్ ఉంది, కానీ పొయ్యికి రావడం లేదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పనులు మూడు. ఒకటి, సిలిండర్‌ని అడ్డంగా పడుకోబెట్టడం. రెండు, మరిగే నీళ్లు తెచ్చి దాని మీద పోయడం. మూడు, పక్కన ఇంకో మంట పెట్టి వెచ్చబెట్టడం. మూడూ ప్రాణం మీదకి తెచ్చే పనులే. అసలు గ్యాస్ ఎందుకు ఆగుతుందో తెలిస్తే ఈ మూడింటి అవసరమే రాదు.

ఇది టిఫిన్ బండి వాళ్ల సమస్య మాత్రమే కాదు. ఎల్బీనగర్, నాగోల్, వనస్థలిపురం వైపు ఇళ్లలో బాత్రూమ్ గీజర్‌కి కూడా గ్యాస్ సిలిండరే పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. సాగర్ రోడ్డు ఫంక్షన్ హాళ్లలో చలికాలం వలీమా దావత్‌లు రాత్రి పొద్దుపోయేదాకా నడుస్తాయి. పైగా రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ చలికాలంలోకి వస్తోంది. లెక్క ప్రకారం 2030లో జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబర్ చివర్లో ఇంకో రంజాన్ మొదలవుతాయి. నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ కావచ్చు. అంటే రాబోయే కొన్నేళ్లు సహరీ వంట చలిగా ఉండే వేళలోనే చేయాలి. సహరీ టైమ్ అయిపోతుంటే పొయ్యి వెలగకపోతే ఆ కంగారు ఎలా ఉంటుందో ఏ ఇంట్లోనైనా అమ్మీని అడిగితే చెబుతుంది.

సిలిండర్‌లో ఉండేది గ్యాస్ కాదు, ద్రవం

మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే. వంటగ్యాస్ సిలిండర్‌లో ఎక్కువ భాగం ద్రవం ఉంటుంది. దాని పైన కొంత ఖాళీ వదులుతారు. ఇంటి సిలిండర్‌లో పట్టే చోటు 33.3 లీటర్లు. అందులో 14.2 కిలోల ద్రవం నింపితే సుమారు ఐదింట నాలుగు వంతులు నిండుతుంది. మిగిలిన పై భాగంలో ఆ ద్రవం నుంచి లేచిన ఆవిరి ఉంటుంది. రెగ్యులేటర్ ద్వారా పొయ్యికి వెళ్లేది ఆ ఆవిరే. కొంత ఆవిరి బయటికి పోగానే కింద ద్రవం మరిగి కొత్త ఆవిరి తయారవుతుంది.

నీళ్లు మరగాలంటే కింద మంట కావాలి. సిలిండర్‌లోని ద్రవం మరగడానికి కూడా వేడి కావాలి, కాకపోతే దానికి మంట అక్కర్లేదు. గది గాలిలో ఉండే వేడే చాలు. ఆ వేడి ఇనుప గోడ గుండా లోపలికి వెళ్తుంది. వేసవిలో 40 డిగ్రీల ఎండలో ఈ వేడి కావలసినంత దొరుకుతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున దొరకదు. ఆ నెలల్లో హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత చాలా రోజులు 10 నుంచి 15 డిగ్రీల మధ్య ఉంటుంది. హయత్‌నగర్ లాంటి శివార్లలో ఊరి మధ్యకంటే చలి ఇంకాస్త ఎక్కువే.

ఇంకో సంగతి ఉంది. వంటగ్యాస్ ఒకే పదార్థం కాదు. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండింటి మిశ్రమం. మన దేశంలో దిగుమతి ధర లెక్కగట్టేటప్పుడు కూడా 60 శాతం బ్యూటేన్, 40 శాతం ప్రొపేన్ అన్న నిష్పత్తినే తీసుకుంటారు. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కింద కూడా మరుగుతుంది. దానికి చలి ఒక లెక్క కాదు. బ్యూటేన్ అలా కాదు. అది మరిగేది సున్నాకి కాస్త కింద, అర డిగ్రీ దగ్గర. ద్రవం సున్నా దగ్గరికి చల్లబడిందంటే బ్యూటేన్ దాదాపు కదలదు.

రెండూ కలిసి ఉన్నప్పుడు తేలిగ్గా మరిగే ప్రొపేన్ ముందుగా ఎక్కువ పోతుంది. సిలిండర్ అడుగుకి వచ్చేసరికి మిగిలేదాంట్లో బ్యూటేన్ వాటా పెరుగుతుంది. కొత్త సిలిండర్ బాగా మండి, చివరి రెండు కిలోల దగ్గర మొండికేయడానికి ఇది ఒక కారణం.

హైదరాబాద్ చలి ఒక్కటే నేరస్తుడు కాదు

మన ఊళ్లో సున్నా డిగ్రీలు ఎప్పుడూ రాదు కదా, మరి సిలిండర్ మీద మంచు ఎలా పడుతుంది? మంచు ఆకాశం నుంచి రావడం లేదు. సిలిండర్ తనని తానే చల్లబరుచుకుంటోంది.

మట్టికుండలో నీళ్లు చల్లబడటం అందరికీ తెలుసు. కుండ గోడ నుంచి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. సిలిండర్‌లోనూ జరిగేది అదే, చాలా పెద్ద ఎత్తున. గ్యాస్‌ని నెమ్మదిగా వాడితే పోయిన వేడిని బయటి గాలి పూడ్చేస్తుంది. వేగంగా లాగితే గాలి అందించలేదు. అప్పుడు ద్రవం తన ఒంట్లోని వేడినే ఖర్చు పెట్టుకుంటుంది. దాంతో చల్లబడిపోతుంది.

ఒక లెక్క చూద్దాం. బయటి నుంచి వేడి అస్సలు అందలేదని అనుకుందాం. అర కిలో గ్యాస్ ఆవిరైతే నిండు సిలిండర్ సుమారు 4 డిగ్రీలు చల్లబడుతుంది. అదే అర కిలో, రెండు కిలోలు మాత్రమే మిగిలిన సిలిండర్ నుంచి తీస్తే, అది సుమారు 15 డిగ్రీలు పడిపోతుంది. కారణం తేలికే. నిండు సిలిండర్‌లో ఆ చల్లదనాన్ని పంచుకోవడానికి చాలా ద్రవం ఉంది. అడుగంటిన సిలిండర్‌లో లేదు. పైగా ద్రవం తగిలే గోడ కూడా తగ్గిపోయి, బయటి వేడి లోపలికి వెళ్లే దారి చిన్నదవుతుంది. నిజంగా వాడేటప్పుడు గాలి కొంత వేడి ఇస్తూనే ఉంటుంది కాబట్టి అంత పడదు. కానీ పొద్దున 14 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, అడుగంటిన సిలిండర్ నుంచి వేగంగా లాగితే సున్నా దగ్గరికి ఎందుకు చేరుతుందో ఈ లెక్కతో తెలిసిపోతుంది.

కాబట్టి చలి, వేగం, తక్కువ ద్రవం అనే ఈ మూడూ కలిస్తేనే గ్యాస్ ఆగుతుంది. ఏ ఒక్కటి తగ్గించినా సమస్య సగం తీరుతుంది.

మీ ఇంట్లో ఎంత వేగంగా లాగుతున్నారు?

ఇంటి పొయ్యి మీద ఒక బర్నర్ పూర్తి మంటతో మండితే గంటకి సుమారు 160 గ్రాములు ఖర్చవుతుంది. రెండూ కలిపితే 300 గ్రాముల పైచిలుకు. ఈ వేగాన్ని హైదరాబాద్ చలిలో కూడా సిలిండర్ హాయిగా తట్టుకుంటుంది. అంటే ఇంట్లో వంట పొయ్యి ఒక్కటే వాడుతూ, సిలిండర్ సగం ఉండగానే మంట తగ్గిందంటే తప్పు చలిది కాకపోవచ్చు. రెగ్యులేటర్, పైపు, బర్నర్ చూసుకోవాలి.

గ్యాస్ గీజర్ కథ వేరు. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ చలికాలం పూర్తిగా నడిస్తే గంటకి దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. అంటే పొయ్యి మీది రెండు బర్నర్లు కలిపి తాగేదానికి మూడు రెట్లు. ఇంట్లో నలుగురు వరసపెట్టి స్నానాలు చేస్తే అరగంటలో అర కిలో పోయినట్టే. సిలిండర్ చివరికి వచ్చి ఉంటే మూడో మనిషి స్నానానికి నీళ్లు గోరువెచ్చన అవుతాయి, నాలుగో మనిషికి గీజర్ ఆరిపోతుంది. అందరూ గీజర్‌ని తిడతారు. పాపం, అసలు చల్లబడింది సిలిండర్.

టిఫిన్ సెంటర్లు, వంటవాళ్ల పెద్ద బట్టీ పొయ్యిలు గంటకి కిలోన్నర, రెండు కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే లాగుతాయి. ఒక్క 19 కిలోల సిలిండర్ చలిరాత్రి ఆ వేగాన్ని ఎక్కువసేపు మోయలేదు.

మంట తగ్గితే వరసగా చూడాల్సినవి

ముందుగా ఒక్క బర్నర్ తగ్గిందా, రెండూ తగ్గాయా చూడండి. ఒక్కటే తగ్గితే సిలిండర్‌కి సంబంధం లేదు. పాలు పొంగో, చాయ్ పొంగో బర్నర్ రంధ్రాలు పూడి ఉంటాయి. బర్నర్ పూర్తిగా చల్లారాక తీసి, వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పిన్నుతో రంధ్రాలు శుభ్రం చేసి, బాగా ఆరాక పెట్టండి. తడిగా పెడితే మంట చిటపటలాడుతుంది. లోపలి సన్నటి జెట్‌ని మాత్రం పిన్నుతో కెలకొద్దు. దాని రంధ్రం పెద్దదైతే గ్యాస్ కొలత తప్పుతుంది. అది మెకానిక్ పని.

రెండూ తగ్గితే సిలిండర్ ఒంటిని చూడండి. కింద తడి లేదా మంచు కనిపిస్తోందా? కనిపిస్తే అది చల్లబడింది. ఆ తడి గీత ఎక్కడిదాకా ఉందో ద్రవం దాదాపు అక్కడిదాకా ఉన్నట్టు. తడి లేకపోతే గుడ్డని నీళ్లలో ముంచి సిలిండర్‌ని పైనుంచి కిందికి ఒకసారి తుడవండి. ఖాళీ ఉన్న పై భాగం తొందరగా ఆరుతుంది. ద్రవం ఉన్న భాగం ఆలస్యంగా ఆరుతుంది. పాతకాలం నుంచి ఆడవాళ్లు చేస్తున్న చిట్కా ఇది, దీని వెనక ఉన్నది పక్కా సైన్సే.

మూడోది తూకం. సిలిండర్ పైభాగంలో ఖాళీ సిలిండర్ బరువు రాసి ఉంటుంది. చాలా ఇంటి సిలిండర్లకి అది 15, 16 కిలోల మధ్య ఉంటుంది. సామాను తూచే వేలాడే కాటా ఇంట్లో ఉంటే మంచిదే, లేదంటే డెలివరీ మనిషి దగ్గర ఉండే కాటాతో తూయించవచ్చు. ఇంట్లో తూచేటప్పుడు ముందు రెగ్యులేటర్ తీసి, మూత పెట్టాలి. తూకంలోంచి రాసి ఉన్న బరువు తీసేస్తే మిగిలింది మీ గ్యాస్. ఊపి చప్పుడు వినడం కంటే ఇది వంద రెట్లు నమ్మకం. కొత్త సిలిండర్ తీసుకునేటప్పుడు తూకం అడగడం మీ హక్కు కూడా.

తూకంలో గ్యాస్ బాగానే ఉండి, సిలిండర్ మీద తడి కూడా లేకపోతే రెగ్యులేటర్, పైపు చూడాలి. పైపు ఎక్కడైనా మడత పడిందా, స్టవ్ కింద నలిగిందా, పగుళ్లు వచ్చాయా? నారింజ రంగు సురక్షా పైపు మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది. పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకి మార్చాల్సిందే. రెగ్యులేటర్ పాడైతే విప్పి బాగుచేసే ప్రయత్నం వద్దు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర మార్పించుకోవాలి. బయట బజార్లో చవగ్గా దొరికే రెగ్యులేటర్ పెట్టుకుంటే ఆదా అయ్యే నాలుగు రూపాయల కంటే ముప్పే ఎక్కువ.

కొత్త సిలిండర్ పెట్టాక కనెక్షన్ దగ్గర సబ్బునురగ రాసి చూడండి. బుడగలు లేస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతకడం ఎప్పుడూ చేయకూడని పని.

చల్లబడిన సిలిండర్‌కి అసలు మందు

చల్లబడిన సిలిండర్‌కి కావాల్సింది విశ్రాంతి. నాబ్ కట్టేసి వదిలేస్తే గది వేడిని నెమ్మదిగా తీసుకుని రెండు మూడు గంటల్లో తేరుకుంటుంది. పొద్దున అయిపోయిందనుకున్నది మధ్యాహ్నం మళ్లీ బాగా మండటానికి కారణం ఇదే.

ఇంట్లో అయితే చిన్న మార్పులు చాలు. గీజర్, పొయ్యి ఒకే సిలిండర్ మీద ఉంటే రెండూ ఒకేసారి నడపకండి. స్నానాల మధ్య కాస్త వ్యవధి ఇవ్వండి. రెండు సిలిండర్ల కనెక్షన్ ఉంటే చలికాలం నిండు సిలిండర్‌ని గీజర్‌కి, అడుగంటినదాన్ని వంటపొయ్యికి వాడండి. పొయ్యి మెల్లగా లాగుతుంది కాబట్టి చివరి కిలో కూడా పనికొస్తుంది. సిలిండర్ చల్లటి గచ్చు మీద తడిలో ఉంటే, కింద గాలి ఆడేలా స్టాండు మీద నిటారుగా పెట్టండి. దుప్పటి, గోనెసంచి చుట్టడం చాలామంది చేస్తారు. దానివల్ల మేలు లేదు. దుప్పటి వేడిని పుట్టించదు, బయటి గాలి వేడిని లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

రంజాన్‌లో అయితే రాత్రే తూకం చూసుకోవడం మంచిది. కిలో కంటే తక్కువ ఉంటే పడుకునే ముందే కొత్తది మార్చేయండి. పాతదాన్ని మర్నాడు పగలు ఇఫ్తార్ పనులకి, చిన్నమంట మీద ఉడికేవాటికి వాడుకోవచ్చు.

టిఫిన్ సెంటర్లు, కేటరింగ్ వాళ్లకి సరైన దారి రెండు లేదా ఎక్కువ సిలిండర్లని ఒకే పైపుకి కలిపి వాడటం. దీన్ని మానిఫోల్డ్ అంటారు. నాలుగు సిలిండర్లు కలిస్తే ఒక్కోదాని మీద భారం నాలుగో వంతే పడుతుంది, వేడి తీసుకునే గోడ నాలుగింతలు అవుతుంది. మంచు పట్టడం ఆగిపోతుంది. లైసెన్సు లేకుండా ఒకచోట 100 కిలోల దాకా గ్యాస్ ఉంచుకోవచ్చని నియమం ఉంది. 19 కిలోలవి ఐదు కలిపితే 95 కిలోలు. ఖాళీ అయిన ప్రతిదాని స్థానంలో ఇంకోటి అదనంగా దాచితే ఆ గీత దాటినట్టే. ఈ కనెక్షన్‌ని సొంతంగా టీలు, క్లాంపులు కొని బిగించుకోకూడదు. తెలిసిన మనిషితోనే పెట్టించాలి.

ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ని వ్యాపారానికి వాడటం 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. పట్టుబడితే సిలిండర్లు పోతాయి, కేసు కూడా అవుతుంది. హాస్టల్ గదుల్లో వాడే చిన్న సిలిండర్‌ని పెద్దదాంట్లోంచి చాటుగా నింపించుకోవడం ఇంకా ప్రమాదం. కాటా లేకుండా నింపేవాళ్లు పైన ఖాళీ వదలరు. రాత్రి చలిలో ఏమీ కాదు. మధ్యాహ్నం ఎండకి ద్రవం వ్యాకోచిస్తే దానికి చోటు ఉండదు. కంపెనీలు అమ్మే 5 కిలోల సిలిండర్లు ఇలాంటివాళ్ల కోసమే ఉన్నాయి.

ఆ మూడు పనులు ఎందుకు వద్దు?

పడుకోబెడితే ఆవిరి వెళ్లాల్సిన దారిలో ద్రవమే వెళ్తుంది. ద్రవం ఒక్క చుక్క బయట గాలిలోకి వస్తే రెండు వందల రెట్లకు పైగా ఉబ్బి గ్యాస్ అవుతుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడికి తయారైనది కాదు. మంట అమాంతం లేచి మనిషి మీదకి వస్తుంది.

మంట పెడితే లోపలి ఒత్తిడి ఎంత పెరుగుతుందో బయటి నుంచి ఎవరికీ తెలియదు. ఎక్కడ వేడి తగిలిందో అక్కడ ఇనుము బలం తగ్గుతుంది. పైగా వాల్వు దగ్గర చిన్న లీకు ఉన్నా మంట పక్కనే ఉంది.

మరిగే నీళ్లు కూడా అంతే. ఒకేసారి ఒత్తిడి పెరుగుతుంది, వాల్వు లోపలి రబ్బరు వాషరు దెబ్బతినొచ్చు. ఆ రోజు బాగానే మండినా, లీకు తర్వాతి రోజు మొదలవుతుంది. కొందరు వంటవాళ్లు సిలిండర్‌ని కుళాయి నీళ్ల టబ్బులో నిలబెడతారు. నీళ్లు గాలికంటే వేగంగా వేడిని అందిస్తాయి కాబట్టి దాంతో మంట పెరిగే మాట నిజమే. కానీ రోజూ అలా చేస్తే సిలిండర్ అడుగు తుప్పు పడుతుంది, నీళ్లలో నిలకడ తప్పి ఒరిగిపోతుంది. సిలిండర్ల సంఖ్య పెంచడమే నిజమైన పరిష్కారం.

చివరి రెండు కిలోల విలువ

చలికి ఆగిపోయిన సిలిండర్‌ని ఖాళీ అనుకుని తిరిగి ఇచ్చేస్తే ఎంత పోతుందో లెక్క వేయండి. ఇంటి సిలిండర్‌లో ఒక్క కిలో మిగిలిపోయిందంటే కట్టిన డబ్బులో 7 శాతం వెనక్కి పోయినట్టు. ఆ కిలోతో ఒక బర్నర్ ఆరు గంటలు మండుతుంది. ఇలా పద్నాలుగు సిలిండర్లు ఇచ్చేస్తే ఒక సిలిండర్ ఊరికే ఇచ్చినట్టే. వ్యాపార సిలిండర్‌లో రెండు కిలోలు మిగిలితే నష్టం పది శాతం దాటుతుంది. ప్రతి పది సిలిండర్లకి ఒకటి పోతోందన్నమాట. టిఫిన్ బండికి మిగిలే లాభంలో ఇది చిన్న మొత్తం కాదు. మధ్యాహ్నం తేరుకున్న ఆ సిలిండర్‌ని చాయ్ పొయ్యికి, సాంబార్ వెచ్చబెట్టడానికి వాడుకుంటే ఆ డబ్బు జేబులోనే ఉంటుంది.

పెల్లెట్ పొయ్యి ఉన్నవాళ్లకి

గ్యాస్ ధర భారమై రంపపు పొట్టు, పంట వ్యర్థాలతో చేసిన పెల్లెట్ల పొయ్యికి మారిన వంటశాలలకీ చలికాలం తిప్పలు తప్పవు. పైన డబ్బా నుంచి గింజల్లాంటి పెల్లెట్లని ఒక మర తిప్పుతూ మంటలోకి తోస్తుంది. చలిరాత్రి మంచులో బస్తాలు బయట ఉంటే పెల్లెట్లు తేమ పీలుస్తాయి, ఉబ్బుతాయి, నలిగి పొడి అవుతాయి. పొడి మర చుట్టూ గట్టిపడుతుంది. లేదంటే డబ్బాలో పైన పెల్లెట్లు వంతెనలా నిలబడిపోయి కింద ఖాళీ అవుతుంది. మర తిరుగుతూనే ఉంటుంది, మంటలోకి మాత్రం ఏమీ పడదు.

ఆగినప్పుడు ముందు కరెంటు తీసేయండి. పూర్తిగా చల్లారనివ్వండి. డబ్బా ఖాళీ చేసి, అడుగున చేరిన పొడి తీసి, మర దారి శుభ్రం చేయండి. గాలి రంధ్రాల్లో పేరుకున్న బూడిద గట్టల్ని దులపండి. గాలి ఆడకపోతే మంట వెనక్కి, డబ్బా వైపు పాకే ప్రమాదం ఉంది. కొత్త పెల్లెట్లని జల్లెడ పట్టి పోయండి. బస్తాలు నేలమీద కాకుండా చెక్క మీద, గోడకి దూరంగా, మూతి కట్టి పెట్టండి. పెల్లెట్ నీళ్లలో వేస్తే నిమిషాల్లో పొట్టుగా విడిపోతుంది, తేమకి అది అంత లొంగుతుంది. మర తిరుగుతుండగా చేయి పెట్టడం, కర్రతో పొడవడం మాత్రం వద్దు.

చలికాలం అసలు ప్రమాదం మూసిన తలుపు

సిలిండర్ ఆగిపోతే నష్టం ఒక పూట వంట. దీనికంటే పెద్దది ఇంకొకటి ఉంది. చలి అని కిటికీలు, తలుపులు బిగించుకున్నప్పుడు గ్యాస్ మండితే గదిలో ఆక్సిజన్ తగ్గి, మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాస్ లీకైతే కంపెనీలు కలిపిన ఘాటు వాసన హెచ్చరిస్తుంది. ఈ విషవాయువుకి అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, మగత వస్తాయి. మనిషి లేవలేడు.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉండకూడదు. బయట, గాలి ఆడే చోట పెట్టి నీళ్ల పైపు మాత్రమే లోపలికి ఇవ్వాలి. ఇప్పటికే లోపల ఉంటే బయటికి మార్పించేదాకా తలుపు మూసి స్నానం చేస్తూ గీజర్ నడపొద్దు. బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, గది గాలి మారాక లోపలికి వెళ్లాలి. చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి పడకగదిలో పెట్టుకుని నిద్రపోవడం కూడా ఇంతే ప్రాణాంతకం. మంట నీలంగా కాకుండా పసుపుగా, గిన్నెల అడుగు నల్లగా అవుతుంటే పొయ్యి సరిగా మండటం లేదని గుర్తు. వెంటనే మెకానిక్‌కి చూపించండి.

సహరీకి లేచి వంటింట్లోకి వెళ్లగానే లైటు వేసే ముందు ఒక్క క్షణం వాసన చూడండి. వంటగ్యాస్ గాలికంటే బరువు కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. వాసన వస్తే స్విచ్చులు ఏవీ వేయొద్దు, తీయొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ నాబ్ కట్టేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ బయటికి తీసుకెళ్లండి. బయటికి వచ్చాకే ఫోన్ చేయండి. గ్యాస్ లీకుకి 1906 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, ఏ కంపెనీ సిలిండర్ అయినా ఇదే నంబరు.

సిలిండర్ పక్కన గోడ మీద ఆ నంబరు, సిలిండర్ పెట్టిన తేదీ పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. మీ ఇంట్లో సిలిండర్ ఎన్ని రోజులు వస్తుందో రెండు నెలల్లో తెలిసిపోతుంది. ఏ పొద్దున అది మొరాయించేలా ఉందో ముందురోజు రాత్రే చెప్పగలుగుతారు.